కానగంత కడుపులో గానుగ

విశాఖ వన్ టౌన్‌లో తెల్లవారిందని ముందు చేపల వాసన చెబుతుంది, ఆ తరవాతే వెలుగు. కోటవీధి దాటి ఫిషింగ్ హార్బరు వైపు దిగేసరికి వేలంపాట సగం అయిపోయి ఉంటుంది. ఐసు ముక్కల మధ్య కానగంతలు వీపుమీద నల్లచారలతో నిగనిగలాడుతుంటాయి. "ఏటి బాబూ, సూత్తే కడుపు నిండిపోద్దా? తీసుకో" అని గదమాయించే అమ్మ ముందు బేరమాడే ధైర్యం నాకు ఎప్పుడూ లేదు.

ఆ చేపకు ప్రపంచ విజ్ఞానశాస్త్రంలో ఉన్న పేరు మన ఊరిదే. ప్యాట్రిక్ రసెల్ అనే స్కాట్లండు వైద్యుడు 1780లలో ఈస్టిండియా కంపెనీ కొలువులో ఇక్కడ ఉన్నాడు. అప్పటి వైజాగపటం అంటే దాదాపు ఇప్పటి వన్ టౌనే. జాలర్లు తెచ్చిన చేపల్ని స్థానిక చిత్రకారుడితో బొమ్మలు గీయించి, జాలర్లు చెప్పిన తెలుగు పేర్లతోనే రాసుకున్నాడు. రెండు వందల చేపల ఆ పుస్తకం 1803లో లండన్‌లో అచ్చయింది. అందులోని 'కనగుర్త' అనే మాటను 1816లో ఫ్రెంచి శాస్త్రవేత్త క్యువియే అలాగే తీసుకున్నాడు. ఇవాళ ఏ దేశపు చేపల జాబితా తెరిచినా ఇది రాస్ట్రెల్లిగర్ కనగుర్త. జాలరి నోటి మాట లాటిన్ వేషం కట్టి ఊరేగుతోందన్నమాట.

ఈ చేపకు జపాన్ సముద్రంలో దగ్గరి చుట్టం ఒకటుంది. 1980లలో అక్కడి పరిశోధకుడు యజావా బృందం సముద్రపు చేపల పేగుల్లో బతికే బాక్టీరియాను వెదుకుతూ పోయింది. ఆ కానగంత పేగులోంచి తీసిన షివనెల్లా జాతి బాక్టీరియాలో ఈపీఏ కనిపించింది. చేపనూనె మాత్రల డబ్బాల మీద ఒమేగా-3 అని రాసి అమ్మేది దీన్నే, దీని తోబుట్టువు డీహెచ్‌ఏనే. బాక్టీరియాకు ఇలాంటివి చేతకావని చాలాకాలం పాఠ్యపుస్తకాల నమ్మకం. యజావా ఆ బాక్టీరియా నుంచి దాదాపు 38 వేల జన్యు అక్షరాల ముక్కను కత్తిరించి, మన పేగుల్లో ఉండే ఇ. కోలి బాక్టీరియాలో పెట్టాడు. దానికి పుట్టుకతో రాని విద్య వచ్చేసింది. ఆ ఫలితం 1996లో వెలువడింది. చేప అక్కర్లేకుండా చేపనూనె వస్తుందన్న ఆశ అక్కడ పుట్టింది.

ముప్పై ఏళ్లు కావస్తోంది. మన రొయ్యల చెరువుల్లోకి పోయే మేతలో ఇప్పటికీ చేపనూనే ఉంది. జన్యువు దొరికింది, బాక్టీరియా మాట వింది, మరి నూనె పీపా ఎందుకు రాలేదు? సూక్ష్మజీవులతో ప్రత్యేక కొవ్వు ఆమ్లాలు చేయించే ఈ రంగం మొత్తాన్ని ఆ ప్రశ్న పట్టుకునే చూడాలని నా ఉద్దేశం.

ముందు 'ప్రత్యేక' అనే మాట సంగతి. నూనె, నెయ్యి, కొవ్వు ఏదైనా విడగొడితే మిగిలేవి కొవ్వు ఆమ్లాలు. కార్బన్ పరమాణువుల గొలుసు, చివర ఆమ్లపు తల. పామాయిల్‌లో ఎక్కువగా ఉండేవి 16, 18 కార్బన్ల గొలుసులు. అవి ఎక్కడైనా దొరికే మామూలు సరుకు. గొలుసు పొట్టిదైతే సంగతి మారుతుంది. 12 కార్బన్ల లారిక్ ఆమ్లం కొబ్బరినూనెలో దాదాపు సగం ఉంటుంది, సబ్బుకు నురగ ఇచ్చేది అదే. గొలుసులో ద్విబంధం పడితే అక్కడ వంపు తిరుగుతుంది. డిసెంబరు తెల్లవారుజామున స్నానానికి పోతే కొబ్బరినూనె సీసాలో పేరుకుని వెక్కిరిస్తుంది, పక్కనున్న నువ్వులనూనె మాత్రం జారుతూనే ఉంటుంది. కొబ్బరినూనెలో తిన్నటి గొలుసులు కట్టెల మోపులా ఒద్దికగా సర్దుకుంటాయి, నువ్వులనూనెలో వంపు గొలుసులు సర్దుకోలేవు. ఈపీఏలో అలాంటి వంపులు ఐదు. చల్లటి సముద్రంలో తన పొర గట్టిపడిపోకుండా ఉండడానికే షివనెల్లా దాన్ని తయారుచేసుకుంటుంది. ఇవి కాక గొలుసు మధ్యలో కొమ్మ మొలిచినవి, కొక్కెంలా హైడ్రాక్సిల్ తగిలినవి, రెండు చివర్లా ఆమ్లపు తలలున్నవి కూడా ఉన్నాయి. ప్రకృతిలో ఏ ఒకటి రెండు మొక్కల్లోనో చేపల్లోనో మాత్రమే దొరికే ఇలాంటి వాటినే ప్రత్యేక కొవ్వు ఆమ్లాలంటున్నాం.

కణం గొలుసును ఎలా కడుతుందో చూడాలంటే పోర్టు యార్డులో గూడ్సుబండికి పెట్టెలు తగిలించడం తలుచుకోండి. ఒక్కోసారి రెండు కార్బన్లు తగులుతాయి. తగలబోయే జతను ముందుగా మలోనిల్ అనే రూపంలోకి మార్చాలి. అలా మార్చిన ప్రతిసారీ కణానికి శక్తినిచ్చే ఏటీపీ అణువు ఒకటి ఖర్చు. (ఆ ఏటీపీని 1929లో ఫిస్క్‌తో కలిసి లోకానికి చెప్పినవాళ్లలో ఒకడు మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. నూనె లెక్క రాసేటప్పుడు కూడా ఆయన ఖాతా తెరవక తప్పదు.) పెరుగుతున్న గొలుసును పట్టుకుని ఒక ఎంజైము నుంచి ఇంకోదానికి తిప్పే చిన్న ప్రొటీను ఉంది. ఎసైల్ క్యారియర్ ప్రొటీన్ అంటారు, మనం క్రేను అనుకుందాం. మనిషిలో ఈ పనులన్నీ ఒకే భారీ ఎంజైములో కలిసిపోయి ఉంటాయి. బాక్టీరియాలో దేని ఎంజైము దానిదే. అందుకే బాక్టీరియా ఇంజినీర్లకు ముద్దు. ఒక్క భాగం తీసి ఇంకోటి బిగిస్తే మిగతా పని సాగిపోతుంది.

అలాగని కణం పిచ్చిది కాదు. 16, 18 కార్బన్ల గొలుసులు క్రేన్లకు వేలాడుతూ పేరుకుంటే, అవే వెనక్కి వెళ్లి మొదటి ఎంజైములను ఆపేస్తాయి. బెర్తు ఖాళీ లేనప్పుడు ఓడలు బయట లంగరేసుకుని పడి ఉన్నట్టే. వన్ టౌన్ కొండలెక్కి చూస్తే ఆ వరస రోజూ కనిపిస్తుంది. కణానికి కావలసినంత పొర తయారైతే చాలు, అంతకు మించి ఒక్క చుక్క చెయ్యదు. దానిచేత ఎక్కువ చేయించాలంటే క్రేను నుంచి గొలుసును తెంపే కత్తెర కావాలి.

ఆ కత్తెరకు థయోఎస్టరేజ్ అని పేరు. ఈ రంగం చరిత్రలో అసలు మలుపు తిప్పింది ఇదే. కాలిఫోర్నియాలో పెరిగే బే లారెల్ చెట్టు గింజల్లో లారిక్ ఆమ్లం ఎక్కువ. ఆ చెట్టు కత్తెర 12 కార్బన్ల దగ్గర ఆగి తెంపుతుంది. కాల్జీన్ కంపెనీలో టోనీ వోల్కర్ బృందం 1992లో ఆ జన్యువును ఓ చిన్న ఆవజాతి మొక్కలో పెట్టి లారిక్ పుట్టించింది. 1994లో అదే జన్యువును ఇ. కోలిలో పెట్టారు. కొవ్వు ఆమ్లాన్ని తిరిగి తినేసే దారిని ముందే తెగ్గొట్టిన ఇ. కోలి అది. బాక్టీరియా లారిక్‌ను బయటికి వదిలింది, పళ్లెంలో పొటాషియం లవణంగా స్ఫటికాలు కట్టాయి. పొటాషియం లారేట్ అంటే సబ్బు. అమెరికాలో ఓ ప్రయోగశాల పళ్లెంలో సూక్ష్మజీవులు సబ్బు చేశాయి! ఈ విషయం మొదటిసారి చదివినప్పుడు నవ్వొచ్చింది. తరవాత తెలిసింది, ఈ రంగాన్ని ఇప్పటికీ పీడిస్తున్న జబ్బు కూడా అందులోనే ఉందని. ఆ సంగతి కాసేపట్లో.

కాల్జీన్ అదే జన్యువుతో కనోలా పంట వేయించి నూనె తీసింది. 1990ల మధ్యలో మార్కెట్లోకి వచ్చింది. ఫిలిప్పీన్స్‌లో కొబ్బరి రైతుల గుండెల్లో రాయి పడింది. చివరకు చెట్టు కొబ్బరే గెలిచింది, కనోలా వెనక్కి తగ్గింది. ఈ రంగంలో ఇదే కథ మళ్లీమళ్లీ వస్తుంది: ప్రయోగశాలలో గెలుపు, అంగడిలో ఓటమి.

కత్తెర తరవాత ఏం చేశారన్నది త్వరగా చెప్పేస్తాను. మలోనిల్ చేసే ఎంజైమును పెంచారు, తిరిగి తినే దారిని మూశారు, కత్తెరలు మార్చారు. స్టాన్‌ఫర్డ్‌లో చైతన్ ఖోస్లా బృందం 2008లో ఇ. కోలి నుంచి లీటరుకు 2.5 గ్రాములు తీసింది. 2010లో కాలిఫోర్నియాలో కీస్లింగ్ బృందం మొక్కల పీచు చక్కెరల నుంచి నేరుగా డీజిల్ లాంటి ఎస్టర్లు చేయించింది. 2011లో రైస్ విశ్వవిద్యాలయంలో రామన్ గొంజాలెజ్ బృందం కొవ్వును తినే దారినే వెనక్కి నడిపించి, కొవ్వు కట్టే దారిగా మార్చింది. ఒక చక్రాన్ని తలకిందులుగా తిప్పిన ఆ ఆలోచన నాకు అన్నిట్లోకీ ఇష్టం, ఎందుకంటే అందులో ఏటీపీ ఖర్చు తగ్గుతుంది. 2013లో ఇ. కోలి లెక్క లీటరుకు 8.6 గ్రాములకు చేరింది.

ఇక ఆ జబ్బు సంగతి. కొవ్వు ఆమ్లమంటే సగం సబ్బు. కణం చుట్టూ ఉన్న పొర కూడా కొవ్వే. తాను చేసిన సబ్బుతో తన ఇంటి గోడే కరిగిపోతుంటే పాపం బాక్టీరియా ఎన్నాళ్లు నిలుస్తుంది? 8, 10 కార్బన్ల గొలుసులైతే మరీ ప్రమాదం. అవి పొరలోకి చొరబడి కన్నాలు పెడతాయి, లోపలి సరుకు కారిపోతుంది. మార్కెట్లో ధర ఎక్కువున్న పొట్టి గొలుసే కణానికి ఎక్కువ విషం కావడం ఈ వృత్తిలో పెద్ద చికాకు. దీనికి మందు ప్రకృతిలోనే ఒక మొండి బాక్టీరియా దగ్గర దొరికింది. రోడోకాకస్ ఒపాకస్ అని దాని పేరు. తన ఎండు బరువులో మూడు వంతుల దాకా కొవ్వునే దాచుకోగలదు. విడి ఆమ్లంగా కాక మూడేసి గొలుసుల్ని ఒక గ్లిసరాల్‌కు కట్టి, మన కుడితి తాగిన గేదె కొవ్వు దాచినట్టు, కణంలో బొట్లుగా నిలవ చేస్తుంది. కొరియాలో సాంగ్ యూప్ లీ బృందం 2019లో దీన్ని లొంగదీసి లీటరుకు 50.2 గ్రాముల విడి కొవ్వు ఆమ్లం సాధించింది. ఇ. కోలిని పట్టుకుని ఇరవై ఏళ్లు కుస్తీ పట్టినవాళ్లకు ఇది కాస్త చెంపపెట్టు. బాగా తెలిసిన జీవిని ఎంచుకోవడం కంటే పని తెలిసిన జీవిని వెదుక్కోవడం మేలని నేననుకుంటాను.

ఇప్పుడు డబ్బు లెక్క. మన దేశం ఏటా 150 లక్షల టన్నులకు పైగా వంటనూనె దిగుమతి చేసుకుంటోంది, అందులో పెద్ద వాటా పామాయిల్‌ది. కాకినాడ, కృష్ణపట్నం రేవుల్లో అది దిగుతూనే ఉంటుంది. ఇప్పుడు గ్లూకోజు నుంచి కొవ్వు చేసే సిద్ధాంతపు లెక్క చూడండి. అనవసరంగా ఒక్క కార్బన్ కూడా పోకున్నా, కణం తన ఒంటికి ఏమీ వాడుకోకున్నా, చక్కెర బరువులో మూడో వంతుకు కాస్త పైనే కొవ్వు వస్తుంది. అంటే కిలో కొవ్వుకు దాదాపు మూడు కిలోల చక్కెర. చక్కెర కిలో 40 రూపాయలనుకుంటే ముడిసరుకే 120. పులియబెట్టే తొట్టి, గాలి, కరెంటు, శుద్ధి, జీతాలు ఆ పైన. అదంతా పెట్టి మామూలు పామిటిక్ ఆమ్లం చేస్తే, చెట్టు ఎండలో కూర్చుని ఊరికే చేసిపెట్టే సరుకుతో పోటీ పడాలి. పెదవేగిలో పామాయిల్ పరిశోధన సంస్థ ఉంది, గోదావరి జిల్లాల్లో తోటలు ఉన్నాయి. 2021లో కేంద్రం 11,040 కోట్లతో పామాయిల్ మిషన్ పెట్టింది. ఆ చెట్టును బాక్టీరియా ఓడించలేదు.

ఈ లెక్క చూడక బోర్లాపడినవాళ్లు చిన్నవాళ్లు కాదు. హార్వర్డ్ జన్యుశాస్త్రవేత్త జార్జ్ చర్చ్, మొక్కల శాస్త్రవేత్త క్రిస్ సోమర్‌విల్ వంటివారు 2005లో ఎల్‌ఎస్9 అనే కంపెనీ పెట్టారు. ఇ. కోలి చేత డీజిల్ చేయిస్తామన్నారు. 2008లో ముడిచమురు పీపా 140 డాలర్లు దాటిన రోజుల్లో అది వెర్రి మాటగా అనిపించలేదు. చమురు ధర దిగింది, చక్కెర ధర దిగలేదు. 2014లో ఆ కంపెనీ ఇంకో కంపెనీ చేతుల్లోకి పోయింది. నాచుతో నూనె చేస్తామన్న సొలజైమ్ 2011లో షేర్లమ్మింది, 2016లో పేరు మార్చుకుంది, 2017లో దివాలా తీసింది.

జన్యువు మార్చిన సూక్ష్మజీవితో లాభపడ్డ తెలుగు ఉదాహరణ మన కళ్ల ముందే ఉంది. హైదరాబాద్‌లో వరప్రసాద్‌రెడ్డి నెలకొల్పిన శాంతా బయోటెక్నిక్స్ 1997లో ఈస్టుతో హెపటైటిస్-బి టీకా చేసి, దాని ధర నేలకు దించింది. టీకా మోతాదు మైక్రోగ్రాముల్లో ఉంటుంది, కొవ్వు ఆమ్లం టన్నుల్లో అమ్మాలి. తొట్టి ఒకటే, పులియబెట్టే విద్యా ఒకటే, కిలో ధరలో మాత్రం నక్కకూ నాగలోకానికీ ఉన్నంత తేడా. ఈ రెండు కొసల మధ్య బాక్టీరియాకు చోటెక్కడ అన్నదే ప్రశ్న. గొలుసు ఎంత విచిత్రంగా ఉంటే ఆ చోటు అంత విశాలం.

ఆముదం సంగతి తీసుకోండి. పురిటి బిడ్డ తల మీద అద్దేది, ఒకప్పుడు దీపాల్లో పోసేది, గిత్తల బండి ఇరుసుకు రాసేది. ఆముదంలో 85 నుంచి 90 శాతం రిసినోలియిక్ ఆమ్లమే, గొలుసు మధ్యలో హైడ్రాక్సిల్ కొక్కెం ఉన్నది. ఆ కొక్కెం వల్లే దీంట్లోంచి విమానాల కందెనలు, నైలాన్-11, సెబాసిక్ ఆమ్లం, లిప్‌స్టిక్ మైనం వస్తాయి. ప్రపంచపు ఆముదంలో అత్యధిక భాగం మన దేశానిదే. గుజరాత్ ముందుంది, పాలమూరు, నల్లగొండ మెట్ట నేలల్లోనూ రైతులు వేస్తారు. గింజ పిప్పిలో రిసిన్ విషం ఉండడంతో మిల్లులకు తలనొప్పి. అందుకే ఆముదం చెట్టు అక్కర్లేని రిసినోలియిక్ కోసం అందరూ వెదికారు. కొక్కెం తగిలించే ఎంజైము జన్యువును 1995లో సోమర్‌విల్ బృందమే ఆముదం గింజలోంచి పట్టింది. తీరా ఇ. కోలిలో పెడితే అది పనిచెయ్యదు. మొక్క కణంలో ఎండోప్లాస్మిక్ రెటిక్యులం అనే లోపలి పొరలకు అతుక్కుని, పక్కనే సైటోక్రోమ్ బి5 అనే తోడుంటేనే అది కదులుతుంది. బాక్టీరియాకు ఆ లోపలి పొరలు లేవు. ఈస్టులకు ఉన్నాయి, అవి చేసి చూపించాయి. బాక్టీరియా దగ్గర దీనికి దగ్గరి విద్య ఒకటుంది, ఒలియేట్ హైడ్రటేజ్. అది కొక్కేన్ని 12వ కార్బన్‌కు బదులు 10వ దాని మీద తగిలిస్తుంది. ఆ సరుకుకూ వాడకాలున్నాయి, కానీ ఆముదం కాదు. రెండు కార్బన్ల తేడాలో మార్కెట్టే మారిపోతుంది.

నా మటుకు నాకు ఇక్కడ బాక్టీరియా ఓడిపోవడం మంచిదే అనిపిస్తుంది. వానాధారపు నేల మీద ఆముదం తప్ప ఇంకేదీ నిలవని రైతు నోటి దగ్గర కూడును తొట్టిలో పులియబెట్టి ఎవరికి లాభం? రాజేంద్రనగర్ నూనెగింజల పరిశోధన సంస్థ మంచి హైబ్రిడ్ ఆముదాలు ఇచ్చి ఆ రైతును ఎప్పటినుంచో ఆదుకుంటోంది. రైతు పండించలేని చోట, జాలరి వేట చాలని చోట తొట్టి పెట్టాలి.

పత్తి చేను అలాంటి చోటు. గులాబీరంగు పురుగు దెబ్బకు గుంటూరు నుంచి ఆదిలాబాద్ దాకా రైతు విలవిల్లాడుతున్నాడు. ఆడ రెక్కలపురుగు మగదాన్ని పిలిచే వాసన కూడా కొవ్వు ఆమ్లం నుంచి పుట్టినదే. 16 కార్బన్లు, రెండు ద్విబంధాలు, చివర ఒక ఎసిటేటు. ఆ వాసన రాసిన ఎర లింగాకర్షక బుట్టలో పెడితే మగ పురుగులు వచ్చి పడతాయి. చేనంతా ఆ వాసనతో నింపితే మగదానికి దారే తెలియదు, సంతానం ఆగుతుంది. రసాయన పద్ధతిలో ద్విబంధాన్ని సరైన చోట, సరైన వంపుతో పెట్టడం ఖరీదైన పని. అందుకే ఈ ఎరలు సామాన్యుడి చేనంతటికీ చాలవు. డెన్మార్క్‌లో ఇరీనా బొరొదీనా బృందం నుంచి పుట్టిన బయోఫెరో కంపెనీ ఈస్టు చేత ఇలాంటి వాసనలు చేయించింది. 2022లో పురుగుమందుల కంపెనీ ఎఫ్‌ఎంసీ దాన్ని కొనేసింది. ఇక్కడా ఈస్టుదే గెలుపు, కారణం మళ్లీ ఆ లోపలి పొరలే. ఒక రకంగా గొలుసు వంచే ఎంజైములకు ఇల్లు ఈస్టు. చైనాలో క్యాథే కంపెనీ రెండు తలల పొడవాటి ఆమ్లాలను ఈస్టుతోనే టన్నుల లెక్కన చేసి అమ్ముతోంది. ఈ రంగంలో అంగడిదాకా వెళ్లి నిలబడ్డ అరుదైన సరుకు అది.

బాక్టీరియాను తక్కువ చేసి మాట్లాడుతున్నానని అనుకోవద్దు. విచిత్ర గొలుసుల్లో దానికి సాటి వచ్చేది లేదు. రుజువు కావాలంటే క్షయ బాక్టీరియాను చూడండి. దాని గోడలో 60 నుంచి 90 కార్బన్ల మైకోలిక్ ఆమ్లాలున్నాయి. మందులకు అంత త్వరగా లొంగకపోవడానికి ఆ మైనపు కవచం ఒక కారణం. క్షయ మందు ఐసోనియాజిడ్ దెబ్బ కొట్టేది కూడా ఈ గొలుసులు కట్టే పనినే. రాజేశ్ గోఖలే బృందం 2004లో ఈ బాక్టీరియాలో ఓ కొత్త ఎంజైముల కుటుంబాన్ని గుర్తించింది. అవి కొవ్వు ఆమ్లాన్ని అందరూ నడిచే దారిలో కాక పక్కదారిన విచిత్ర కొవ్వులు చేసే యంత్రాలకు అందిస్తాయి. ఆ మళ్లింపు ఎలా జరుగుతుందో 2009లో ఎంజైము ఆకృతితో సహా చూపించిన వారిలో హైదరాబాద్ సీసీఎంబీకి చెందిన రాజన్ శంకరనారాయణన్ ప్రయోగశాల ఉంది. కొవ్వు ఆమ్లాన్ని కోరిన దారిలోకి మళ్లించడం ఎలా అన్నది తొట్టి కట్టే ఇంజినీరుకు కూడా మొదటి ప్రశ్నే. జబ్బు చేసే సూక్ష్మజీవి దగ్గర నేర్చుకున్న పాఠం పరిశ్రమకు అక్కరకు రావడమంటే అదే. గోఖలే తరవాత కేంద్ర బయోటెక్నాలజీ శాఖ కార్యదర్శి అయ్యాడు. 2024 ఆగస్టులో కేంద్రం ఆమోదించిన బయో-ఈ3 విధానంలో జీవాధారిత రసాయనాలకు పెద్దపీట వేశారు. విధానపు కాగితం మంచిదే. తొట్టి కట్టేవాడికి చక్కెర ఎంతకు దొరుకుతుందో మాత్రం కాగితంలో ఉండదు.

మళ్లీ కానగంత దగ్గరికి. నా ఉద్దేశంలో మన తీరానికి అన్నిటికంటే అవసరమైన సరుకు ఈపీఏ, డీహెచ్‌ఏలే. చేప వాటిని తనంతట తాను పెద్దగా చేసుకోదు. నాచు, కొన్ని బాక్టీరియా చేస్తాయి, వాటిని చిన్న జీవులు తింటాయి, వాటిని కవళ్లు, కానగంతలు తింటాయి. మనం చేపను పిండి నూనె తీసి రొయ్యకు పెడతాం. దేశంలో రొయ్యల సాగులో ఆంధ్రదే మొదటి స్థానం. 2009లో వనామీ రకం రొయ్య వచ్చిన తరవాత చెరువులు ఎంత పెరిగాయో భీమవరం వైపు బస్సెక్కితే కిటికీలోంచే కనిపిస్తుంది. వనామీకి ఈ ఒమేగా గొలుసులు మేతలోనే అందాలి. ప్రపంచపు చేపనూనెలో పెద్ద భాగం పెరూ తీరంలోని ఆంకోవీల నుంచి వస్తుంది. 2023లో ఎల్‌నినో వల్ల సముద్రం వేడెక్కి, పెరూ ఆ ఏడాది మొదటి వేట సీజన్‌నే రద్దు చేసింది. చేపనూనె ధర ఆకాశాన్నంటింది. పసిఫిక్ నీరు వేడెక్కితే భీమవరం దగ్గరి ఉండిలో మేత బస్తా ధర కదులుతుంది. ఇంత దూరం నుంచి వేలాడే తాడు ఎప్పుడైనా తెగవచ్చు.

షివనెల్లా యంత్రం ఇక్కడ నిజంగా అందమైనది. మొక్కలు, ఈస్టులు ఈపీఏ చెయ్యాలంటే గొలుసును కాస్త పొడిగించి, ఒకచోట వంచి, మళ్లీ పొడిగించి, మళ్లీ వంచి, ఇలా ఎన్నో మెట్లెక్కాలి, ప్రతి వంపుకూ ఆక్సిజన్ కావాలి. షివనెల్లాకు ఆ తతంగం లేదు. పెద్ద సమిష్టి ఎంజైము ఒకటి గొలుసును కడుతూనే వంపుల్ని వదిలేస్తూ పోతుంది. దీనికి ఆక్సిజన్ అక్కర్లేదని, షిజోకిట్రియం అనే సముద్రపు సూక్ష్మజీవి డీహెచ్‌ఏ చేసేదీ ఇలాంటి యంత్రంతోనేనని 2001లో మెట్జ్ బృందం రాసింది. డ్యూపాంట్ మాత్రం మెట్ల దారినే యారోవియా ఈస్టులో కట్టి, దాని కొవ్వులో సగానికి పైగా ఈపీఏ తెప్పించింది. 2013లో వచ్చిన ఆ ఫలితం గొప్ప పనితనమే.

అయితే మార్కెట్లో నిలిచింది ఏ ఇంజినీరూ చెయ్యి పెట్టని షిజోకిట్రియమే. డీఎస్‌ఎం, ఇవోనిక్ కలిసి పెట్టిన వెరామారిస్ 20 కోట్ల డాలర్లతో అమెరికాలోని బ్లెయిర్‌లో కట్టిన కర్మాగారం 2019లో మొదలైంది. మొక్కజొన్న చక్కెర మీద ఆ జీవిని పెంచి చేపల మేతకు నూనె తీస్తున్నారు. జన్యువు మార్చకపోవడంతో అనుమతుల తలనొప్పి తక్కువ, నార్వే సాల్మన్ పెంపకందారులు ముఖం చిట్లించరు. మనదేశంలో జన్యుమార్పిడి సూక్ష్మజీవులకు 1989 నిబంధనలున్నాయి. మూసిన తొట్టిలో ఉంచి పని చేయించుకోవడం ఒక దారి, బయటికి వదలడం వేరే దారి. తొట్టి దారికి మన దగ్గర అలవాటుంది, టీకాలు, ఇన్సులిన్ అలాగే వచ్చాయి. మేతలో కలిసి, రొయ్యలో చేరి, ఎగుమతి పెట్టెలో ఎక్కి యూరప్ పోయే సరుకు దగ్గర కొనేవాడి అనుమానం కూడా లెక్కలోకి వస్తుంది. షిజోకిట్రియం లాంటి దొరికిన జీవిని ఏరి, పోషించి, మెరుగుపెట్టుకోవడమే మన రొయ్యలకు ముందు దారి అని నా అభిప్రాయం.

ఆ జీవిని పెంచడానికి చక్కెర ఎక్కడిది? అనకాపల్లి బెల్లం మార్కెట్ దేశంలోనే పెద్దవాటిలో ఒకటి, చుట్టూ చెరుకు నేల. అయినా తుమ్మపాల, తాండవ, ఏటికొప్పాక సహకార చక్కెర మిల్లులు మూతపడ్డాయి. తొట్టికి మడ్డి కావలసినప్పుడు మిల్లు ఉండదు, మిల్లు ఉన్నప్పుడు తొట్టి లేదు.

ఇక్కడే ఉక్కునగరానికి వేరే ఊహ ఒకటుంది. కొన్ని బాక్టీరియా చక్కెర అడగవు, కార్బన్ మోనాక్సైడు తిని బతుకుతాయి. చైనాలోని షౌగాంగ్ ఉక్కు పొగతో లాంజాటెక్ కంపెనీ 2018లో ఇథనాల్ మొదలుపెట్టింది, పానిపట్ చమురుశుద్ధి కర్మాగారంలోనూ ఆ విద్య పెట్టారు. 2016లో ఎంఐటీలో స్టెఫనోపౌలస్ బృందం రెండంచెల పద్ధతి చూపించింది. మొదటి తొట్టిలో బాక్టీరియా వాయువును ఎసిటేటుగా మార్చింది. రెండో తొట్టిలో ఈస్టు ఆ ఎసిటేటు తిని లీటరుకు 18 గ్రాముల నూనె చేసింది. విశాఖ ఉక్కులో బ్లాస్ట్ ఫర్నేసు, కోక్ అవెన్ల వాయువు ఇప్పటికే సొంత విద్యుత్తుకు, కొలుములకు మండుతోంది, ఊరికే పోతున్న సరుకేం కాదు. దాన్ని నూనెకు మళ్లిస్తే కరెంటు ఇంకెక్కడినుంచో కొనాలి. అయినా ఒక చిన్న తొట్టి పెట్టి చూడదగ్గ ఆలోచనే.

ఆంధ్ర విశ్వవిద్యాలయంలో బయోటెక్నాలజీ శాఖ ఉంది. ఊళ్లోనే చేపల శాస్త్రానికి సీఎంఎఫ్‌ఆర్‌ఐ, సీఐఎఫ్‌టీ కేంద్రాలు, సముద్రశాస్త్రానికి ఎన్‌ఐవో కేంద్రం ఉన్నాయి. పరవాడ ఫార్మాసిటీలో పులియబెట్టే విద్య తెలిసిన చేతులున్నాయి. ఏదో రోజు ఇక్కడి కానగంత పేగులోంచే ఒక షివనెల్లాను పట్టి ఈపీఏ చేయించాలని ఎవరికైనా బుద్ధి పుడితే, వాళ్లకు మొదట ఎదురయ్యేది జన్యుశాస్త్రం కాదు, వేడి. యజావా మార్చిన ఇ. కోలి 20 డిగ్రీల దరిదాపుల్లోనే ఈపీఏ బాగా చేసింది, వెచ్చబడేకొద్దీ తగ్గించేసింది. చలి పొర కోసం పుట్టిన యంత్రం మరి. మే నెలలో ఫిషింగ్ హార్బరు నీళ్లలో చెయ్యి పెడితే 30 డిగ్రీల వెచ్చదనం తగులుతుంది. లక్ష లీటర్ల తొట్టిని దానికంటే పది డిగ్రీలు చల్లగా రాత్రింబవళ్లు ఉంచడానికి కరెంటు బిల్లు ఎంతవుతుందో ముందు లెక్క కట్టుకోవాలి. లేదా వెచ్చటి నీటిలో పుట్టి, వెచ్చగా ఉన్నా వంపులు మానని బాక్టీరియాను, రసెల్ చేపల్ని వెదికినట్టు, రోజూ హార్బరుకు వెళ్లి బుట్ట బుట్టా వెదుక్కోవాలి.